నాన్నగారి అంబాసిడర్‌ను ఇంగ్లండుకు తెచ్చుకోవాలంటే: పాత వాహనం మీద దిగుమతి సుంకం చెల్లించే పద్ధతి

తెనాలి దగ్గర మా ఊళ్లో, రేకుల షెడ్డు కింద ఆరేళ్లు దుమ్ము పట్టిన అంబాసిడర్ ఇప్పుడు ఇంగ్లండులో మా ఇంటి ముందు నిలబడి ఉంది. అది నాన్నగారు కొన్నది, 1984లో తయారైనది. దాన్ని ఓడ ఎక్కించడం అనుకున్నంత కష్టం కాలేదు. సుంకం దగ్గర మాత్రం రెండు తప్పులు చేశాను. ఒకదానికి గడువు దాటిపోయింది, రెండోదాన్ని సరిదిద్దుకోగలిగాను. పాత కారో, బుల్లెట్టో, స్కూటరో ఇక్కడికి తెచ్చుకోవాలనుకునే తెలుగువారు తరచూ ఫోను చేసి అడుగుతుంటారు కాబట్టి, పద్ధతంతా ఒక్కచోట రాసిపెడుతున్నాను. ఇది ఇంగ్లండు, స్కాట్లండు, వేల్స్‌లకు వర్తించే లెక్క. ఉత్తర ఐర్లండ్ దారి వేరు.

ముందే ఒక మాట. వాహనం రేవులో దిగాక సుంకం గురించి ఎవరితోనూ బేరమాడలేరు. ఎంత కట్టాలన్నది మీరు ఏ పద్దు కింద తెస్తున్నారన్న దాన్ని బట్టి ఉంటుంది. ఆ పద్దుకు కావలసిన కాగితాలు దాదాపు అన్నీ మన ఊళ్లోనే, ఆర్టీఓ కార్యాలయంలోనో తహసీల్దారు కార్యాలయంలోనో పుట్టాలి. ఓడ కదిలాక వాటి కోసం పరుగెత్తితే రేవులో నిల్వ ఛార్జీలు రోజుకింత చొప్పున పెరుగుతూ పోతాయి.

మొదటి మెట్టు: మీరు ఏ ద్వారం నుంచి వస్తున్నారో తేల్చుకోండి

పాత వాహనానికి నాలుగు ద్వారాలున్నాయి. మొదటి రెండింటిలో సుంకం, వ్యాట్ రెండూ ఉండవు. మూడోదాంట్లో నామమాత్రం. నాలుగోది మామూలు ద్వారం, జేబుకు బరువైనది. ఈ వరుసలోనే ప్రయత్నించండి.

మొదటి ద్వారం నివాసం మార్పు. మీరు కొత్తగా బ్రిటన్‌కు కాపురం మారుతున్నారు, అంతకుముందు వరుసగా కనీసం 12 నెలలు బయటి దేశంలో నివసించారు, ఆ వాహనం కనీసం ఆరు నెలలుగా మీ దగ్గర ఉంది, మీరే వాడుతున్నారు. అలాంటప్పుడు ట్రాన్స్‌ఫర్ ఆఫ్ రెసిడెన్స్ కింద పూర్తి మినహాయింపు వస్తుంది. హెచ్ఎంఆర్‌సీకి, అంటే ఇక్కడి పన్నుల శాఖకు, టీఓఆర్1 అనే దరఖాస్తును ఆన్‌లైన్‌లో పెట్టాలి. వాళ్లు ఒక ప్రత్యేక సంఖ్య ఇస్తారు. కస్టమ్స్ ప్రకటనలో ఆ సంఖ్య పడితేనే మినహాయింపు. వాహనం మీ రాకకు ఆరు నెలల ముందు నుంచి, వచ్చిన తర్వాత 12 నెలల లోపు ఎప్పుడైనా దిగవచ్చు. దిగాక 12 నెలల పాటు అమ్మకూడదు, అద్దెకు ఇవ్వకూడదు, అరువుకు కూడా ఇవ్వకూడదు. స్నేహితుడి పెళ్లికి ఊరేగింపు కారుగా పంపించే ముందు ఇది గుర్తుంచుకోండి.

హైదరాబాదు నుంచో దుబాయి నుంచో ఉద్యోగం మీద వచ్చేవారికి ఇది బాగా సరిపోతుంది. మనవాళ్లు ఇక్కడ తప్పటడుగు వేసేది ఆర్సీ దగ్గర. కారు నడిపేది కొడుకు, ఆర్సీ మాత్రం తండ్రి పేరు మీద. ఇంట్లో అది అందరి కారే, కాగితం మీద మాత్రం మీది కాదు. బయలుదేరే నెలలో పేరు మార్పిస్తే ఆరు నెలల లెక్కకు ఆధారం ఉండదు. ఇక్కడికి రావాలన్న ఆలోచన పుట్టినప్పుడే పేరు మార్పించి, బీమా కూడా మీ పేరనే కట్టించండి.

రెండో ద్వారం వారసత్వం. నాకు తెలియక పోగొట్టుకున్నది ఇదే. చనిపోయినవారి నుంచి వారసత్వంగా వచ్చిన వస్తువులకు, సొంత వాడకపు వాహనంతో సహా, సుంకం, వ్యాట్ ఉండవు. సీ1421 అనే దరఖాస్తు ఉంటుంది. ఆస్తి పంపకం పూర్తిగా తేలిన నాటి నుంచి మామూలుగా రెండేళ్ల లోపు తెచ్చుకోవాలి. వీలునామా ఉంటే దాని నకలు, లేకపోతే తహసీల్దారు ఇచ్చే కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, మిగతా వారసుల అంగీకార పత్రం సిద్ధం చేసుకోండి. తెలుగులో ఉన్న ప్రతి కాగితానికీ ధ్రువీకరించిన ఇంగ్లీషు అనువాదం జతచేయండి. ఆర్టీఓ దగ్గర ఫారం 31 మీద యాజమాన్యం వారసుడి పేరుకు మారాలి. నేను ఆ కారును షెడ్డులోనే వదిలేసి, ఎప్పుడైనా తెచ్చుకోవచ్చులే అనుకున్నాను. ఈ దారి ఒకటుందని తెలిసేసరికి రెండేళ్లు కాదు, నాలుగేళ్లు గడిచిపోయాయి. ఇంట్లో ఈమధ్యే పెద్దవారు పోయి, వారి బండి మీద మనసుంటే, దుఃఖంలో ఉన్నా సరే గడువు మాత్రం ఒకచోట రాసి పెట్టుకోండి.

మూడోది చారిత్రక వాహనాల ద్వారం. నాలుగోది మామూలు సుంకం: కారుకు పది శాతం, మోటారు సైకిళ్లకు ఇంజను సామర్థ్యాన్ని బట్టి ఎక్కువగా ఆరు నుంచి ఎనిమిది శాతం, ఆ పైన 20 శాతం వ్యాట్. నాలుగో దాని గురించి చెప్పడానికి ఇంకేమీ లేదు, కట్టాలి అంతే. మూడోదాని గురించి మాత్రం తీరిగ్గా చెప్పుకోవాలి.

రెండో మెట్టు: మీ బండి చారిత్రక వాహనమో కాదో పరీక్షించుకోండి

సుంకాల పట్టికలో మామూలు కార్లు 8703 పద్దు కింద, మోటారు సైకిళ్లు, స్కూటర్లు 8711 కింద ఉంటాయి. పురావస్తువులు, చారిత్రక సేకరణలు ఉండే పద్దు 9705. మీ వాహనం ఈ పద్దులోకి వస్తే సుంకం సున్నా, వ్యాట్ ఐదు శాతం. అందుకు మూడు షరతులు: తయారై కనీసం 30 ఏళ్లు నిండాలి, అసలు రూపంలోనే ఉండాలి, ఆ నమూనా లేదా ఆ రకం ఇప్పుడు తయారీలో ఉండకూడదు. మూడూ కలిసి తీరాలి.

వయసు సంగతి తేలిక అనిపిస్తుంది, కాదు. లెక్క తయారీ తేదీ నుంచే. మన ఆర్సీలో తయారైన నెల, సంవత్సరం ఉంటాయి. అయితే మూడక్షరాల పాత సిరీస్ నంబరున్న బండ్ల చేతిరాత పుస్తకాల నుంచి స్మార్ట్ కార్డుకు మార్చినప్పుడు సంవత్సరం తప్పు పడినవి, రిజిస్ట్రేషన్ తేదీనే తయారీ తేదీగా ఎక్కించినవి చూశాను. పాత పుస్తకం పారేయకండి. చెదలు తిన్నా సరే, అదే అసలు సాక్ష్యం.

అసలు రూపం అంటే ఛాసిస్, బాడీ, స్టీరింగు, బ్రేకులు, గేర్లు, సస్పెన్షన్, ఇంజను వీటిలో పెద్ద మార్పులేవీ లేకపోవడం. మరమ్మతు చేయించవచ్చు, అరిగిన భాగాలు మార్చవచ్చు, రంగు వేయించవచ్చు. ఆధునీకరించకూడదు. మన అంబాసిడర్లు ఓడిపోయేది ఇక్కడే. డీజిలు చవకగా ఉన్న రోజుల్లో పెట్రోలు ఇంజను పీకేసి మెటడార్ డీజిలు ఇంజనో ఇసుజు ఇంజనో కూర్చోబెట్టని ఊరు మన దగ్గర ఉందా? 1990ల్లో కంపెనీయే ఇసుజు ఇంజనుతో అంబాసిడర్లు అమ్మింది. అలా పుట్టిన బండికి అది అసలు ఇంజనే. 1978 బండికి షెడ్డులో బిగించిన ఇసుజు మాత్రం మార్పు కిందికే వస్తుంది. గ్యాసు కిట్టు, ముందు చక్రాలకు డిస్కు బ్రేకులు, పవర్ స్టీరింగు అన్నీ ప్రశ్నలు లేవనెత్తేవే. పాత ఇంజను ఏ మూలనైనా పడి ఉంటే, తిరిగి బిగించడానికి అయ్యే ఖర్చును సుంకంలో మిగిలేదానితో పోల్చి చూసుకోండి.

తయారీలో లేని నమూనా అన్న షరతు అంబాసిడర్‌కు సులభం, 2014లో దాని తయారీ ఆగిపోయింది. ప్రీమియర్ పద్మిని, కాంటెస్సా, మారుతి 800 వీటికీ ఇబ్బంది లేదు. చిక్కంతా బుల్లెట్‌తో. ఆ పేరుతో రాయల్ ఎన్‌ఫీల్డ్ ఇప్పటికీ బండ్లు అమ్ముతోంది. సుంకాల అధికారికి పేరు ఒక్కటే కనిపిస్తే కాదనవచ్చు. కాబట్టి దరఖాస్తులో పేరు మీద కాకుండా రకం మీద వాదన కట్టాలి: పోత ఇనుప ఇంజను, కుడివైపు గేరు, అలాంటి బండి ఇప్పుడు ఎక్కడా తయారు కావడం లేదు అని ఫొటోలతో చూపించాలి. చేతక్‌కూ ఇదే సమస్య. టూ స్ట్రోకు చేతక్ ఎప్పుడో పోయింది, ఇప్పుడున్నది బ్యాటరీ చేతక్. రెండింటికీ పేరు తప్ప ఇంకేమీ కలవదని ఒక్క వాక్యంలో రాయండి చాలు.

ఒక జాగ్రత్త. సేకరణ వస్తువంటే రోజువారీ అవసరానికి కాక దాచుకుని మురిసేది అన్న భావన ఈ పద్దు వెనక ఉంది. దరఖాస్తులో రోజూ ఆఫీసుకు దీని మీదే వెళతాను అని రాసి మీ కాళ్లకు మీరే అడ్డుపడకండి. అలాగని అబద్ధమూ రాయకండి. నిజంగా రోజూ నడపడానికే అయితే ఆ బండి మామూలు పద్దులోకి రావలసిందే.

సందేహం మిగిలితే అడ్వాన్స్ టారిఫ్ రూలింగ్ కోసం హెచ్ఎంఆర్‌సీకి దరఖాస్తు పెట్టవచ్చు. దీనికి రుసుము లేదు. ఫొటోలు, ఛాసిస్ నంబరు, ఇంజను వివరాలు పంపితే ఏ పద్దులోకి వస్తుందో రాతపూర్వకంగా చెబుతారు, ఆ మాటకు చట్టబద్ధత ఉంటుంది. జవాబుకు నెలలు పట్టవచ్చు కాబట్టి ఓడ బుక్ చేయడానికి ముందే పెట్టండి. ఇంజను మారిన చరిత్ర ఉన్న బండికి, బుల్లెట్టుకు ఇది తప్పనిసరి అనే అంటాను.

మూడో మెట్టు: విలువ కట్టించండి

సుంకం దేని మీద? వాహనం విలువ, ఓడ కిరాయి, దారి బీమా కలిపిన మొత్తం మీద. వ్యాట్ దేని మీద? ఆ మొత్తానికి సుంకాన్ని, రేవు నుంచి మీ ఇంటి దాకా రవాణా ఖర్చును కలిపిన దాని మీద. అంటే పన్ను మీద కూడా పన్ను పడుతుంది.

ఉదాహరణకు కారు విలువ 4,000 పౌండ్లు, ఓడ కిరాయి, బీమా కలిపి 1,600, రేవు నుంచి ఇంటికి 400 అనుకుందాం. మామూలు పద్దులో సుంకం 5,600 మీద పది శాతం, 560 పౌండ్లు. వ్యాట్ లెక్కకు 5,600, 560, 400 కలిపితే 6,560. దాని మీద 20 శాతం 1,312. మొత్తం 1,872 పౌండ్లు. అదే కారు 9705 పద్దులో వస్తే సుంకం లేదు, 6,000 మీద ఐదు శాతం, 300 పౌండ్లు. ఒక్క పద్దు మారినందుకు తేడా 1,572 పౌండ్లు.

ఈ ఐదు శాతం వెనక ఒక తమాషా ఉంది. చట్టంలో రేటు 20 శాతమే. సేకరణ వస్తువులకు విలువలో నాలుగో వంతునే లెక్కలోకి తీసుకుంటారు కాబట్టి ఫలితం ఐదు శాతం అవుతుంది. ఏజెంటు పంపిన కాగితంలో విలువ ఒక్కసారిగా నాలుగో వంతుకు తగ్గి కనిపిస్తే కంగారు పడకండి.

బండిని ఈమధ్యే కొని ఉంటే కొన్న బిల్లు, బ్యాంకు చెల్లింపు ఆధారం సరిపోతాయి. ఇంట్లోవారు ఊరికే ఇచ్చినదైతే కొనుగోలు ధర ఉండదు. అప్పుడు మన దగ్గర లైసెన్సున్న మోటారు సర్వేయరు చేత విలువ ధ్రువపత్రం రాయించండి. బండిని పది వేల రూపాయలకు కొన్నట్టు తెల్లకాగితం మీద సంతకాలు చేయించుకొచ్చేవారు ఉన్నారు. అంబాసిడర్లు ఇక్కడ ఎంతకు అమ్ముడవుతున్నాయో అధికారి ఫోనులోనే చూడగలడు. తక్కువ చూపి దొరికితే జరిమానా పడుతుంది, ఆపైన ప్రతి కాగితమూ అనుమానంగానే కనిపిస్తుంది. రూపాయిలను పౌండ్లలోకి మార్చేటప్పుడు గూగుల్ రేటు వాడకండి. హెచ్ఎంఆర్‌సీ కస్టమ్స్ కోసం నెలనెలా ప్రకటించే రేటు ఉంటుంది, అదే చెల్లుతుంది.

నాలుగో మెట్టు: మన ఊళ్లో ముగించాల్సిన పనులు

ఆర్సీ మీద ఫైనాన్సు కంపెనీ పేరు ఉందేమో చూడండి. అప్పు ఇరవై ఏళ్ల క్రితమే తీరినా తాకట్టు నమోదు (హైపోథికేషన్) అలాగే ఉండిపోయిన బండ్లు బోలెడు. పన్ను బకాయిలు, చలానాలు తీర్చండి. బండి దొంగతనం కేసుల్లో లేదని జాతీయ నేర రికార్డుల సంస్థ ఎన్‌సీఆర్‌బీ నివేదిక తీసుకోండి. ఆర్సీలోని ఇంజను నంబరు, ఛాసిస్ నంబరు బండి మీద ఉన్న వాటితో అక్షరం పొల్లుపోకుండా కలవాలి. ఇంజను మార్చి ఆర్సీలో ఎక్కించని బండి అయితే ముందు అది సరిచేయించండి.

అన్నిటికన్నా ముఖ్యం, అసలు ఆర్సీని ఎవరికీ అప్పగించి రాకండి. ఇక్కడి రిజిస్ట్రేషన్ సంస్థ డీవీఎల్ఏ అసలు పత్రమే అడుగుతుంది. ఎగుమతి కోసం ఎక్కడైనా దాన్ని తీసుకుంటే ధ్రువీకరించిన నకలు, తీసుకున్నట్టు లేఖ చేతిలో పడ్డాకే కదలండి.

ఎగుమతికి షిప్పింగ్ బిల్లు వేసేది కస్టమ్స్ ఏజెంటు. సొంత వాడకానికి పంపే వస్తువు కాబట్టి వ్యాపారులకు కావలసిన ఐఈసీ సంఖ్య మీకు అవసరం లేదు. చెన్నై నుంచి కంటైనర్‌లో పంపడం మన జిల్లాలకు అనువుగా ఉంటుంది. బండిని శుభ్రంగా కడిగించి, పెట్రోలు దాదాపు ఖాళీ చేసి, బ్యాటరీ తీగలు విప్పించండి. డిక్కీలో ఆవకాయ జాడీలు, ఇత్తడి బిందెలు సర్దే ఆలోచన మానుకోండి. వాటిని విడిగా ప్రకటించాలి, తనిఖీలో బయటపడితే బండి కూడా ఆగిపోతుంది.

ఐదో మెట్టు: రేవులో చెల్లింపు

ఇంగ్లండు వైపు ఏజెంటును ఓడ బయలుదేరకముందే కుదుర్చుకోండి. కస్టమ్స్ ప్రకటన సీడీఎస్ అనే కంప్యూటర్ వ్యవస్థలో వేయాలి, అది మనంతట మనం చేసేది కాదు. ఏజెంటుకు పంపే ఉత్తరంలో పద్దు సంఖ్యను, మినహాయింపు సంఖ్య ఉంటే దాన్ని, విలువ ధ్రువపత్రాన్ని, ఫొటోలను, ఓడవారిచ్చే సరుకు రశీదైన బిల్ ఆఫ్ లేడింగ్‌ను జతచేసి, ఈ పద్దు కిందే ప్రకటించండి అని స్పష్టంగా రాయండి. ఫోనులో చెప్పి ఊరుకోకండి.

నా రెండో తప్పు ఇదే. ఫోనులో అంతా చెప్పాను, ఆయన అంతా విన్నారు. తీరా చూస్తే రోజుకు పాతిక కొత్త కార్లు దింపే అలవాటులో నా కారునూ 8703 కింద వేసేశారు. నేను మారు మాట్లాడకుండా కట్టేశాను, రేవులో నిల్వ ఛార్జీలు పెరుగుతున్నాయన్న భయంతో. ఆ తర్వాత ప్రకటన నకలు తెప్పించి చదివితే గాని పొరపాటు తెలియలేదు. ఎక్కువ కట్టిన సుంకాన్ని మూడేళ్ల లోపు తిరిగి అడగవచ్చు. తయారీ ఆధారం, ఫొటోలు, సరైన పద్దు ఎందుకు వర్తిస్తుందో ఒక పేజీ వివరణ పంపాను. డబ్బు తిరిగి వచ్చింది, కానీ దానికి ఒక వేసవి అంతా పట్టింది.

ఏజెంటు తన ఖాతా నుంచి సుంకం కట్టి మీ దగ్గర వసూలు చేస్తే, కట్టినందుకు విడిగా రుసుము వేస్తాడు. ముందే అడిగి తెలుసుకోండి. డబ్బు కట్టాక ఎంఆర్‌ఎన్ అనే గుర్తింపు సంఖ్య ఉన్న దిగుమతి ప్రకటన నకలు తీసుకోకుండా అతణ్ని వదలకండి. తర్వాతి రెండు మెట్లూ ఆ కాగితం మీదే నిలబడతాయి.

ఆరో మెట్టు: నోవా

వాహనం దేశంలోకి వచ్చిన 14 రోజుల లోపు నోవా అనే ఆన్‌లైన్ వ్యవస్థలో హెచ్ఎంఆర్‌సీకి తెలియజేయాలి. సుంకం మొత్తం కట్టినా, పూర్తి మినహాయింపు వచ్చినా, ఇది తప్పదు. ఆలస్యమైతే రోజుకు ఐదు పౌండ్ల జరిమానా పడవచ్చు. నోవాలో పన్ను లెక్క తేలినట్టు కనిపించేదాకా డీవీఎల్ఏ మీ దరఖాస్తును ముట్టుకోదు.

ఏడో మెట్టు: నంబరు ప్లేటు

పాత బండి యజమానికి ఇక్కడి చట్టం కాస్త కరుణ చూపుతుంది. పదేళ్లు దాటిన కారుకు కొత్త వాహనాలకుండే ఆమోద పరీక్ష అక్కరలేదు. 40 ఏళ్లు దాటి, పెద్ద మార్పులు లేకపోతే రోడ్డు మీద తిరగడానికి తగినదో కాదో ఏటా చూసే ఎంఓటీ పరీక్ష కూడా అవసరం లేదు. 30కి, 40కి మధ్య ఉన్న బండి మాత్రం ఎంఓటీ నెగ్గాలి. ఇంకా నంబరు రాని బండికి ఛాసిస్ నంబరు మీదే పరీక్ష చేస్తారు, బీమా కూడా దాని మీదే దొరుకుతుంది. పరీక్షకు బండిని ట్రాలీ మీద పంపడం మేలు. మన ఊరి బ్రేకులను నమ్మి ఇక్కడి వాలు రోడ్ల మీద తొలిసారి దింపకండి.

వీ55/5 దరఖాస్తు నింపి అసలు ఆర్సీ, గుర్తింపు, చిరునామా ఆధారాలు, 55 పౌండ్ల రిజిస్ట్రేషన్ రుసుము, అవసరమైతే ఎంఓటీ పత్రం జతచేసి స్వాన్సీలోని డీవీఎల్ఏకు పంపాలి. తయారీ ఏడాదికి ఆధారం బలంగా ఉంటే ఆ వయసుకు తగిన నంబరు ఇస్తారు. లేకపోతే క్యూ అక్షరంతో మొదలయ్యే నంబరు అంటగడతారు. అంటే బండి వయసు తెలియదని ప్లేటు మీదే రాసి ఉన్నట్టు. పాత బండి ప్రేమికులకు అంతకన్నా అవమానం ఉండదు. ఆర్సీ సరిపోదనుకుంటే ఆ నమూనాకు చెందిన యజమానుల సంఘం నుంచి తయారీ తేదీ ధ్రువపత్రం తెప్పించవచ్చు.

రోడ్డు పన్ను సంగతీ ఇక్కడే తేల్చుకోండి. తయారై 40 ఏళ్లు దాటిన వాహనాలు ఏటా ఏప్రిల్ 1 నుంచి చారిత్రక తరగతిలో చేరుతాయి, వాటికి పన్ను సున్నా. ఆ తరగతిలో ఉంటే లండన్‌లో పొగ ఎక్కువ చిమ్మే వాహనాల మీద రోజుకు 12.50 పౌండ్ల చొప్పున వేసే యూలెజ్ ఛార్జీ కూడా ఉండదు. 1980కి ముందు తయారైనదైతే నల్ల పలక మీద వెండి అక్షరాల పాత ప్లేటు పెట్టుకోవచ్చు. మాది 1984 కాబట్టి ఆ భాగ్యం లేదు.

అంబాసిడర్‌కు మూలమైన మోరిస్ ఆక్స్‌ఫర్డ్ ఇక్కడి కౌలీలో పుట్టిన కారు. మా బండిని ఒక ఆదివారం ఆ ఊరి మీదుగా నడిపాను. పెట్రోలు బంకు దగ్గర ఒక పెద్దాయన చుట్టూ తిరిగి చూసి, మా నాన్న ఇలాంటిదే నడిపేవాడు అన్నాడు. మా నాన్న కూడా అన్నాను.